అక్కను అడిగి మొదలుపెట్టిన మందు

మాలూరు ఫ్యాక్టరీలో నా పని తనిఖీ బల్ల దగ్గర. బండ్లలో వేసే చిన్న ఇనుప గొట్టాలు, బుష్‌లంటారు, ట్రేలలో వస్తాయి. ఒక్కోదాని రంధ్రంలోకి గేజ్ అనే కొలత కడ్డీ దూర్చి చూడాలి. గేజ్ ఒక కొన దూరాలి, రెండో కొన దూరకూడదు. రెండోదీ దూరిందంటే రంధ్రం పెద్దదైపోయిందని అర్థం, ఆ బుష్‌ను ఎర్ర డబ్బాలో పడేయాలి. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. కళ్లు మూసుకున్నా నా వేళ్లే చెప్పేస్తాయని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

నాకు యాభై ఒకటో ఏడు నడుస్తుండగా ఒక మంగళవారం, ఎర్ర డబ్బాలో పడాల్సిన బుష్‌లను మంచివాటిలో కలిపి ఒక ట్రే నిండా పంపించేశాను.

ఎలా జరిగిందో నాకు బాగా గుర్తుంది. రొమ్ముల మధ్య నుంచి సెగ లేచింది. మెడకు ఎక్కింది, చెవుల వెనక్కి పాకింది. కొళాయి తిప్పినట్టు తల వెంట్రుకల్లోంచి చెమట కారింది. పక్క బల్ల అమ్మాయి చూస్తుందేమోనని కొంగుతో మొహం అద్దుకుంటూ ఉన్నాను. చేతులు మాత్రం ఆగలేదు. దూరుస్తున్నాయి, తీస్తున్నాయి, ట్రేలో పెడుతున్నాయి. ఏ కొన దూర్చానో, అది దూరిందో లేదో నాకు తెలియదు. అంతకు ముందు రెండేళ్లుగా రాత్రుళ్లు సరైన నిద్ర లేదు. ముట్టు నిలిచి ఏడాది దాటింది.

సరుకు బయటికి పోకముందే ప్యాకింగ్ వాళ్లు పట్టుకున్నారు కాబట్టి పెద్ద గొడవ కాలేదు. మా లైన్ ఇన్‌చార్జి నా కొడుకు వయసువాడు. నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు.

"అమ్మా, ఒకసారి కండ్లు చూపించుకోండి. వయసైతాంది గదా. అంతవరకూ ప్యాకింగ్‌లో కూర్చోండి. రవంత రెస్టు మాదిరి ఉంటాది."

కండ్లు కాదు నాయనా అని ఆ పిల్లవాడికి ఎట్లా చెప్పను? సరే అన్నాను. మరుసటి రోజు నుంచి అట్టపెట్టెలకు టేపు అంటించే పని.

మా ఇల్లు కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, ఛాంపియన్ రీఫ్స్ పక్క. పొద్దున్నే రైలెక్కితే బంగారుపేట మీదుగా మాలూరు. ఆడవాళ్ల పెట్టెలో రోజూ ఎదుటి సీటులో కూర్చునే ఒకామె ఉండేది. బెంగళూరులో ఏదో ఆసుపత్రిలో దుప్పట్లు, గుడ్డలు చూసుకునే విభాగంలో పని. తమిళం, తెలుగు కలిపి మాట్లాడేది. ఆ వారం నేను కిటికీ ఊచలకు మొహం ఆనించుకుని కూర్చుంటే ఆమె అడిగింది.

"అక్కా, నీకు సెగ వస్తాంది గదా? నిన్న కూడా చూసినాను. ముట్టు నిలిచిందా?"

నలుగురిలో అంత గట్టిగా అడిగినందుకు సిగ్గేసింది. తల ఊపాను.

"మా ఆసుపత్రిలో దీనికి మందు ఇస్తారక్కా. హార్మోను. వాడినోళ్లు బాగుండారు. ఊరికే ఎందుకు పడేది? పోయి చూపించుకో."

దీనికి మందు ఉందన్న సంగతి నాకు అంతవరకూ తెలియదు. నాకు తెలిసింది అమ్మ పడ్డ పాటు ఒక్కటే.

మాకు అప్పుడు గని కూలీల ఇళ్ల వరసలో లైన్ ఇల్లు. ఒకటే గది, రేకు కప్పు. నాన్న గనిలో దిగేవాడు. నాకు పన్నెండు, పదమూడేళ్లప్పుడు అమ్మ మిట్టమధ్యాహ్నం గోనెసంచి తడిపి బండల మీద పరిచి దాని మీద పడుకునేది. ఎండాకాలమే కాదు, డిసెంబరులో కూడా. బడిలో కన్నడ, వీధిలో తమిళం అయినా బైబిలు ముందు పెట్టుకుని నాకు తెలుగు చదవడం నేర్పింది ఆమే. ఉన్నట్టుండి ఒక వాక్యం మధ్యలో ఆపి, "దీని తర్వాత ఏముందో నాకు తెలీలేదే" అని ఏడ్చేది. చర్చిలో పాట మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయేది. గాలి సోకిందని లైన్‌లో ఆడవాళ్లు అనుకున్నారు. నాన్న ఆండర్సన్‌పేటలో ఒక ప్రార్థన ఇంటికి తీసుకెళ్లి మూడు రోజులు ఉంచాడు. తిరిగొచ్చాక ఆమె గోనెసంచి తడపడం మానేసింది. తగ్గి మానేసిందో, భయపడి మానేసిందో నాకు తెలియదు. అరవై మూడో ఏట కొళాయి దగ్గర జారి పడింది. పెద్ద దెబ్బేమీ కాదు. అయినా తుంటి ఎముక విరిగిపోయింది. ఎముకలు గుల్లబారాయన్నారు. తర్వాత రెండేళ్లు మంచంలోనే. నేనే స్నానం చేయించేదాన్ని. ఎత్తితే ఆమెలో బరువే ఉండేది కాదు.

అందుకే కోలారుకు పోయాను. ముళబాగిలు పక్క నుంచి వచ్చిన డాక్టరమ్మ. నా తెలుగే మాట్లాడింది, మధ్యలో కన్నడ. నేను చెప్పిందంతా వింది. ఆపకుండా వినడమే నాకు కొత్తగా అనిపించింది. నిద్ర, చెమట, మతిమరుపు చెప్పాను. భర్త దగ్గరికి వస్తే నొప్పి అన్న మాట చెప్పడానికి చాలా సేపు పట్టింది.

"ఇది మీకొక్కరికే కాదమ్మా. చెప్పుకోరు, అంతే. హార్మోను రవంత ఇస్తే ఈ సెగలు బాగా తగ్గుతాయి. ఎముకలకూ మంచిదే. మీకు గర్భసంచి ఉండాది కాబట్టి రెండు కావాల. చేతికి రాసుకునే జెల్ ఒకటి, మింగే మాత్ర ఒకటి. జెల్ ఒక్కటే వాడితే లోపలి పొర మందమైతాది."

తర్వాత కాగితం ముందు పెట్టుకుని ప్రశ్నలు అడిగింది. కాళ్లలో రక్తం గడ్డ కట్టిందా? పక్షవాతం? గుండె? కాలేయం? అన్నిటికీ లేదు, లేదు అన్నాను.

"ఇంట్లో ఎవరికన్నా రొమ్ము క్యాన్సర్?"

"లేదు," అన్నాను.

ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే నాకే ఆశ్చర్యమేసింది. ఆ మందు నాకు కావాలి. ఆ గేజ్ కావాలి, నిద్ర కావాలి. ఆమె చీటీ రాయడం మొదలుపెట్టింది. నేను కూర్చోలేక లేచి తలుపు దాకా వెళ్లి, తలుపు పట్టుకుని నిలబడిపోయాను.

"మా అక్కకు వచ్చింది," అన్నాను. "పదకొండేండ్లు అయింది. బతికే ఉండాది."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. కోప్పడలేదు. "రండి, కూర్చోండి," అంది. అక్కకు ఎన్నో ఏట వచ్చింది, ఏ రకం, ఏం మందులు వాడారు అని అడిగింది. నలభై ఆరో ఏట అని తప్ప మిగతావి నాకు తెలియవు. సొంత అక్క. రొమ్ము తీసేసిన రోజు ఆసుపత్రి బయట నేనూ ఉన్నాను. అయినా ఏ రకమో నాకు తెలియదు.

"అక్కకు వచ్చిందంటే మీరు వాడకూడదని కాదు," అంది ఆమె. "కానీ మామూలుగా చూసినట్టు చూడలేము. యాభై లోపల వచ్చింది కాబట్టి వంశంలో దిగే రకమేమో తెలుసుకోవాల. దానికి రక్త పరీక్ష ఉండాది. మీకు కాదు, ముందు మీ అక్కకు చెయ్యాల. ఆమెకు చేస్తేనే సరిగ్గా తెలుస్తాది. ఆమె పాత ఫైలు కూడా తెప్పించండి. అక్కను అడిగి రండి. అంతవరకూ హార్మోను కాని మాత్ర ఇస్తాను."

అక్కను కామసముద్రం ఇచ్చారు. వ్యవసాయం చేసుకునే ఇల్లు. నేను పోయేసరికి రేకుల షెడ్డు కింద టమాటాలు ఏరుతోంది. పండు ఒక బాక్సులోకి, దోర ఒక బాక్సులోకి. ఎడమ పక్క రవికలో గుడ్డ మడిచి పెట్టుకుంటుంది, ఒంగినప్పుడల్లా దాన్ని మోచేత్తో సర్దుకుంటుంది. పదకొండేళ్లుగా చూస్తున్న అలవాటే. ఆ రోజు మాత్రం చూడలేకపోయాను. నేనూ కూర్చుని ఏరడం మొదలుపెట్టాను.

"డాక్టరమ్మ ఏదో రక్త పరీక్ష అన్నిందక్కా," అన్నాను కాసేపయ్యాక. "నువ్వు చేపించుకుంటే నాకు తెలుస్తాదంట."

"నీకేం తెలియాల?"

"ఆ మందు వాడొచ్చా లేదా అని. ముట్టు నిలిచినాంక ఒంట్లో హార్మోను తగ్గిపోతాది గదా. దాన్ని రవంత మళ్లీ ఇచ్చే మందు."

అక్క చేతిలో టమాటా బాక్సులో పెట్టింది. విసరలేదు, పెట్టింది.

"నాకు వచ్చిన గడ్డ దాన్నే తిని పెరిగిందని చెప్పినారు పాపా. నా ఒంట్లో దాన్ని అణిచేదానికి అయిదేండ్లు మాత్ర మింగినాను. ఒక్క దినం తప్పలేదు. నువ్వు దాన్నే యాడనుంచో తెచ్చి రాసుకుంటావా?"

నేను తల వంచుకుని దోరకాయలు ఏరాను.

"సెగ వస్తే సస్తారా? అమ్మకు రాలేదా? ఓర్చుకోలేదా?"

"అమ్మ యాడ ఓర్చుకున్నింది? నోరు మూసుకున్నింది, అంతే."

"నాకు రాలేదా?" అంది అక్క.

"నీకూ వచ్చిందా?" అని అడిగాను.

ఆమె బాక్సు ఎత్తి అవతల పెట్టింది. బావ వచ్చాడు. భోజనానికి లెమ్మన్నాడు. తిన్నాం. పరీక్ష మాట మళ్లీ ఎత్తలేదు. బస్సు ఎక్కేటప్పుడు మాత్రం అక్క నా చెయ్యి పట్టుకుని, "ఆ పరీక్ష నన్ను అడగొద్దు. నాకు ఇంగేమీ తెలియొద్దు," అంది.

డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర మింగడం మొదలుపెట్టాను. సెగలు కొంచెం తగ్గిన మాట నిజం. కానీ పొద్దున లేస్తే కడుపులో తిప్పుడు. రైలు పెట్టెలో మల్లెపూల వాసన, ఇడ్లీ డబ్బాల వాసన పడేవి కావు. ఒక రోజు ట్యాకల్ స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫారం మీద వాంతి చేసుకున్నాను. రైలు కదిలిపోయింది. ఎదుటి సీటు ఆమె తలుపు దగ్గరికొచ్చి నా పేరు పెట్టి అరుస్తూ నా డబ్బా సంచి విసిరింది. నీళ్ల కొళాయి దగ్గర మొహం కడుక్కుని సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. ఇంటికి పోనా, పనికి పోనా అని కూడా తేల్చుకోలేకపోయాను. ఆ రోజుల్లో చిన్నదేదీ తేలేది కాదు. కూరకు బీన్సా వంకాయా అని అడిగినా ఏడుపొచ్చేది.

మా ఆయనకు రాబర్ట్‌సన్‌పేటలో మోటార్లకు తీగ చుట్టే అంగడి ఉంది. మాట తక్కువ మనిషి. మందు సంగతి, అక్క సంగతి అన్నీ ఆయనకు చెప్పాను. ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. "నీ ఇష్టం."

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక మళ్లీ అదే మాట అన్నాడు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"నా ఇష్టం, నా ఇష్టం అంటే నాకేమన్నా అయితే అదీ నా ఇష్టమేనా? రేపు గడ్డ వస్తే నువ్వే తెచ్చుకున్నావు అని అంటారా మీరు?"

"నేనట్ల ఎప్పుడన్నాను?"

"ఏమీ అనరు. అదే చెప్తాండా. ఏమీ అనరు!"

చేతిలో ఉన్న అన్నం గిన్నె నేలకేసి కొట్టాను. అన్నం తలుపు దాకా చిందింది. ఆయన దాని వైపు చూసి, చాలా మెల్లగా అన్నాడు.

"నువ్వు మీ అమ్మ మాదిరి అయిపోతాండావు."

పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆ ఒక్క మాట చాలు అనిపించింది. నేను నేల మీద కూర్చుని మెతుకులు ఏరుతుంటే ఆయన కూడా వచ్చి కూర్చుని ఏరాడు. "ఆ మాట అనకూడదు," అన్నాడు చివరికి. "నాకు భయంగా ఉండాది. మీ అక్కను ఆసుపత్రికి తీసకపోయినప్పుడు మీ బావ ఎట్లుండాడో చూసినాను. వాడు అని నేను చెప్తే, నీకేమన్నా అయితే, నేను చెప్పినాననే ఉంటాది. వద్దు అని చెప్తే నువ్వు ఇట్ల ఉంటావు. అందుకే ఏమీ చెప్పలేదు."

ఆయన భయపడుతున్నాడని నాకు అంతవరకూ తోచలేదు. నా ఒక్కదాని భయమే ఇంటి నిండా ఉందనుకున్నాను.

ఆ తర్వాత మూడు వారాలకు అక్క చెప్పకుండా వచ్చింది. మధ్యాహ్నం బస్సు దిగి, ప్లాస్టిక్ సంచిలో పాత ఆసుపత్రి ఫైలు పట్టుకుని. గాలికి గనుల వ్యర్థం పోసిన సైనైడ్ దిబ్బల దుమ్ము లేస్తోందని తలుపు మూసి ఉంచాను. తట్టితే తీశాను. లోపలికొచ్చి ఫైలు మంచం మీద పెట్టి, కాఫీ ఇమ్మంది. తాగి గ్లాసు కింద పెట్టింది.

"నాకూ వచ్చిందా అని అడిగితివి గదా. వచ్చింది," అంది. "ఆపరేషను అయినాంక ఆ మందులకు ముట్టు ఒక్కసారిగా నిలిచిపోయింది. నీకు నిదానంగా రెండు మూడేండ్లలో వచ్చింది. నాకు రెండు నెలల్లో వచ్చింది. టమాటా తోటలో నిలబడితే ఒళ్లు కాలిపోయేది. బావిలో దూకేద్దామని ఉండేది. సచ్చేదానికి కాదు. చల్లగా ఉంటాదని."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు అడగలేదు."

నిజమే. ఆ ఏడాది అక్క ప్రతిదానికీ కసురుకునేది. మా అమ్మాయి పుట్టినరోజుకు వచ్చి, అన్నం వేడిగా వడ్డించారని లేచి వెళ్లిపోయింది. ప్రాణం దక్కించుకుంది కదా, ఇంకా ఎందుకీ విసుగు అని నేను మా ఆయనతో అన్నాను. ఆ మాట అక్క విన్నదని ఆ రోజే తెలిసింది.

"విన్నాను లే," అంది. "అప్పుడు నొప్పి అయింది. ఇప్పుడు లేదు. ఆ దినం షెడ్డులో నీకు అడ్డం పడింది నేను భయపడి కాదు పాపా. నాకు రోషం వచ్చింది. నాకు వాడేదానికి లేని మందు నీకు ఎందుకని. తప్పే. కానీ వచ్చింది."

ఆమె చేతి మీద చెయ్యి వేశాను. తీసేసుకోలేదు.

"పరీక్ష చేపించుకుంటాను," అంది. "నీ కోసరం అనుకోవద్దు. మా పాప నర్సింగు చదువుతాంది గదా, అది అడిగింది. 'చిన్నమ్మకు తెలియాల్సింది నాకు మాత్రం తెలియొద్దామ్మా' అన్నింది. అది పుస్తకంలో చదువుకునే ఉండాది. నేనే దాచిపెట్టుకుని తిరగతాండా. ఒకవేళ ఉండాదని వస్తే దానికి నేనిచ్చినట్టు గదా. ఆ మాట వినలేను అనుకుంటి."

బెంగళూరులో పెద్ద ఆసుపత్రికి ఇద్దరం కలిసి పోయాం, నేను రోజూ ఎక్కే రైల్లోనే. మాలూరు దాటాక నాకు ఏదో సెలవు రోజులా అనిపించి, వెంటనే సిగ్గేసింది. అక్కకు రక్తం తీశారు. నాకు రొమ్ము ఎక్స్‌రే. చల్లటి పలకల మధ్య పెట్టి నొక్కుతారు. నొప్పి భరించగలిగేదే. తీసిన అమ్మాయి తెర వైపు చూసి, "కాసేపు బయట కూర్చోండి, ఇంకో స్కాన్ చెయ్యాలి," అని కన్నడలో చెప్పింది.

బయట వరండాలో అక్క నా సంచి, నా చీర కొంగు పిన్నులు పట్టుకుని కూర్చుంది. నా మొహం చూడగానే లేచి నిలబడింది.

"ఏమన్నారు?"

"ఇంకో స్కాన్ అంట."

అక్క మెల్లగా మళ్లీ కూర్చుంది. "నాకూ ఇట్లనే అన్నారు," అంది. అని, ఆ మాట అన్నందుకు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. గంట సేపు ఒకరి పక్కన ఒకరం కూర్చున్నాం. నేను అప్పటికే నా చావు దాకా ఆలోచించేశాను. మందు ఇంకా ముట్టుకోలేదు, ముట్టుకోకుండానే వచ్చేసిందే అనుకున్నాను. ఒకవేళ ఆ మందు ముందే వాడి ఉంటే, తప్పు దాని మీద పడేది కదా అని కూడా తోచింది. ఎవరి మీదా వేయలేని తప్పు మరీ బరువుగా ఉంది.

స్కాన్‌లో నీటి తిత్తి అని తేలింది. ఏమీ కాదు, ఏడాదికొకసారి చూసుకుంటే చాలు అన్నారు. అక్క అక్కడే, అందరి ముందు, నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అమ్మ చనిపోయినప్పుడు చూశాను, మళ్లీ అప్పుడే.

అక్క రక్త పరీక్ష ఫలితం వారాల తర్వాత వచ్చింది. వాళ్లు వెతికే లోపాలు ఏవీ కనబడలేదు. ఆ కాగితం, ఆమె ఫైలు తీసుకుని కోలారు డాక్టరమ్మ దగ్గరికి పోయాను. అంతా చదివింది. అక్కది హార్మోను తిని పెరిగే రకమని ఫైల్లోనే రాసి ఉంది.

"ఇది మంచి కబురే," అంది. "కానీ భయం లేనే లేదని కాదు. మీ అక్కకు వచ్చింది కాబట్టి మీకు మామూలు వాళ్లకంటే రవంత ఎక్కువే అనుకోవాల. ఈ మందు దాని మీద ఇంకా కొంచెం కలుపుతాది. ఎన్నేండ్లు వాడితే అంత. వాడకపోతే మీ నిద్ర, మీ పని, మీ ఎముకలు. రెండు పక్కలా చెప్పినాను. నేను ఇస్తాను, మీరు అడిగితే. వద్దంటే అదీ సరే, కడుపులో తిప్పని మాత్ర ఇంకోటి చూద్దాం."

"మీ అక్కకే ఇట్ల అయ్యుంటే మీరేం చేస్తారు డాక్టరమ్మా?" అని అడిగాను.

ఆమె ఫైలు మూసింది. "తెలీదమ్మా," అంది. "నిజంగా తెలీదు. తక్కువ మోతాదులో మొదలుపెట్టి, అదేపనిగా చూసుకుంటూ, ఆరు నెలలకు ఒకసారి ఆపొచ్చా అని అడుగుతానేమో."

ఆ 'తెలీదు' అన్న మాటకే నేను మందు మొదలుపెట్టాను. ఆమె ఏ ఒక్క పక్కకు నెట్టినా నేను రెండో పక్కకు పరిగెత్తేదాన్నేమో.

మొదటిసారి జెల్ రాసుకున్నది ఒక సోమవారం పొద్దున, స్నానం చేశాక. పై చేతికి రాసి ఆరేదాకా నిలబడాలి. నీళ్లలా చల్లగా ఉంది. ఏదో దొంగతనం చేస్తున్నట్టు తలుపు గడియ రెండుసార్లు చూసుకున్నాను. రెండు వారాలకు ఏమీ లేదు. నాలుగో వారంలో ఒక రోజు పని నుంచి తిరిగొచ్చి, ఆ రోజు కొంగుతో మొహం ఒక్కసారి కూడా తుడుచుకోలేదని గుర్తొచ్చింది. నిద్ర పట్టింది. లైన్ ఇన్‌చార్జిని అడిగి మళ్లీ గేజ్ బల్ల దగ్గరికి వచ్చాను. "కండ్లు చూపించుకున్నారామ్మా?" అన్నాడు. "చూపించుకున్నా," అన్నాను.

అంతా బాగైపోయిందని చెప్పలేను. మొదట్లో రొమ్ములు సలిపేవి. సలిపిన ప్రతిసారీ గడ్డేమో అనుకునేదాన్ని. మూడో నెలలో ముట్టు మాదిరి ఎర్రగా కనిపించింది. మళ్లీ కోలారు, మళ్లీ స్కాన్, మళ్లీ అక్కకు చెప్పాలా వద్దా అన్న తర్కం. లోపలి పొర బాగానే ఉందన్నారు, మాత్ర వేసుకునే తీరు మార్చారు. ఆరు నెలలకు ఆపుదామా అని డాక్టరమ్మ అడిగింది. ఇంకో ఆరు నెలలు అన్నాను. ఇప్పుడు ఏడాదిన్నర. ఆపుతానని చెప్పడం, ఆపలేకపోవడం నాకు అలవాటైపోతోంది. మా ఆయన ఇప్పుడు నీ ఇష్టం అనడం మానేశాడు. వాడుతున్నంత కాలం నాతో కోలారుకు వస్తానన్నాడు, వస్తున్నాడు.

అక్క ఒప్పుకుందని చెప్పను. మా ఇంటికి వస్తుంది. స్నానాల గదిలో అద్దం దగ్గర ఆ ట్యూబు కనిపిస్తే, దాని పక్కనున్న సబ్బు తీసుకుని వెళ్లిపోతుంది. మందు మాట అడగదు. ప్రతి నెలా మొదటి ఆదివారం మాత్రం ఫోన్ చేస్తుంది. పంట, వాన, పాప చదువు అన్నీ అయ్యాక, పెట్టేసే ముందు అడుగుతుంది.

"చూసుకున్నావా?"

రొమ్ము వేళ్లతో ఎట్లా తడిమి చూసుకోవాలో నాకు నేర్పింది ఆమే, తన మిగిలిన పక్క మీద నా చెయ్యి పట్టి పెట్టి.

"చూసుకున్నానక్కా, ఏమీ లేదు," అంటాను.

చాలాసార్లు అది నిజమే. కొన్ని నెలలు మాత్రం చూసుకోవడానికి చెయ్యి పైకి రాదు. పద్దెనిమిదేళ్లు ఇనుప రంధ్రాల్లో వెంట్రుకవాసి తేడా కనిపెట్టిన వేళ్లు అక్కడ ఏం కనిపెడతాయోనని భయం. ఆ నెలల్లో కూడా చూసుకున్నాననే చెప్తాను. అక్క "సరే" అని, ఒక క్షణం ఆగి, ఫోన్ పెట్టేస్తుంది. నమ్మి ఆగుతుందో, నమ్మక ఆగుతుందో నేను అడగలేదు.